లేని చేతి పిడికిలి

“నీ చేతికేమన్న అయితే గా సారె ఎవరు తిప్పుతర్రా?”

బాలనర్సమ్మ ఆ మాట అన్న పొద్దుటికి ఆమె కొడుకు భిక్షం చేతులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. కుడిచేత్తో జొన్నరొట్టె తుంచుకుంటున్నాడు. ఎడమచేతిలో నీళ్ల చెంబు ఉంది.

“అంగడికి కుండలేస్కపోతున్ననమ్మా, యుద్ధానికి పోతలేను. నీ భయాలన్ని ఒక కుండల పోస్తె కుండ పగుల్తది,” అని నవ్వాడు.

నవ్వడా మరి! ఎండ కాస్తే వడదెబ్బ అనేది, మబ్బు పడితే పిడుగు అనేది. బండి ఎక్కితే బోల్తా పడుతుందని, దిగితే పాము కరుస్తుందని ఆమెకు గుబులు. ఆ గుబులు ఊరికే రాలేదు. భిక్షానికి ముందు ఇద్దరు పిల్లలు పుట్టి, ఏడాది తిరగకుండానే పోయారు. మూడోవాడు పుట్టగానే చాటలో వేసి, ఐదిళ్లలో పాతబట్ట, పిడికెడు జొన్నలు అడుక్కొచ్చి, వీడు మావాడు కాదు, ముష్టికి దొరికినవాడని దేవుడికి అబద్ధం చెప్పి భిక్షమని పేరు పెట్టింది. ఆ అబద్ధం ఏనాటికి బయటపడుతుందోనని ఇరవై రెండేళ్లుగా కాచుకుని కూర్చుంది.

దేవరకొండ గుట్టల కింద పది కొంపల కుమ్మరివాడ వాళ్లది. మొగుడు పోయాక ఇంట్లో మిగిలింది కొడుకు, కుండలు చేసే చక్రం సారె. ఆ వాడలో ఆడవాళ్లు మట్టి తొక్కుతారు, జల్లిస్తారు. సారె మీద నుంచి దిగిన పచ్చికుండలో రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి గుండ్రంగా తెస్తారు. కుండలు కాల్చే వాము పేరుస్తారు. సారెను మాత్రం ముట్టరు. ఆడది ముడితే సారె అలుగుతుందని, ఇంట్లో మగవాడికి కీడని తాతల నాటి మాట. చెక్కతో తట్టడంలో బాలనర్సమ్మను మించినవాళ్లు చుట్టుపట్ల లేరు. చప్పుడు విని కుండ మందం చెప్పేది. కానీ సారె పక్క నుంచి నడిచేటప్పుడు చీరకొంగు కూడా తగలనిచ్చేది కాదు.

అది రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న ఏడు. వానలు వెనకబడుతున్న రోజులు. ఆమె వేయి విషయాలకు భయపడింది గానీ, భిక్షం గుట్టల మీద ఉన్న సంఘం వాళ్లకు చీటీలు చేరవేస్తున్నాడన్న ఒక్క సంగతి ఆమె ఊహకు అందలేదు. ఆ పొద్దు దేవరకొండ తోవలో రజాకార్లు బండి ఆపారు. కుండలన్నీ పగలగొట్టారు. భిక్షం చీటీని కుడిచేతి పిడికిట్లో దాచాడు. విప్పమన్నారు. విప్పలేదు. ఆ చేతిని బండి చక్రం మీద పెట్టి తుపాకీ మడమలతో కొట్టారు. ఎముకలు నుగ్గయినా పిడికిలి విప్పలేదు. వాడు సొమ్మసిల్లి పడిపోతే, నెత్తురు ముద్దయిన చేతిలో ఇంకేం మిగలదని, చచ్చాడనుకుని వదిలేసి పోయారు.

మరిది గుర్వయ్య బండి మీద వేసుకొచ్చాడు. చీటీ సంగతి అప్పుడే ఆమెకు తెలిసింది. చేయి ఉబ్బి, నల్లబడింది. నాటువైద్యుడు ఆకుపసరు కట్టాడు. వారం తిరక్కుండా యూనియన్ మిలిటరీ వచ్చింది. రజాకార్లు తుపాకులు పారేసి పరుగెత్తారు. ఊళ్లో డప్పులు మోగుతుంటే, బాలనర్సమ్మ కొడుకును బండిలో వేసుకుని నల్లగొండ దవాఖానకు పోయింది. ప్రాణం దక్కాలంటే చేయి తీయాలన్నారు. మోచేతికి జానెడు కింద తీసేశారు.

‘నా నోరే తగిలింది,’ అనుకుంది. అంగడికి పోయేవాణ్ణి పట్టుకుని చేతి మాట ఎత్తడమెందుకు?

పుండు మానింది. ఇంటికి వచ్చిన నాలుగో రోజున, మట్టి కుప్ప పక్కన కూర్చున్న భిక్షం ఉన్నట్టుండి పళ్లు కొరుక్కుని అన్నాడు.

“అమ్మా, పిడికిలి ఇడుస్తలేదే. గోర్లు అరచేతిల దిగుతున్నయి. జర ఇప్పరాదే.”

బాలనర్సమ్మ భయంలో నోటికొచ్చిన మాట అనేసింది. “చెయ్యే లేదు గదరా! పిడికిలి యాడికెల్లి వచ్చె?”

పక్కనే ఉన్న తోడికోడలు అండాలు బుగ్గ నొక్కుకుంది. “గాలి సోకిందక్కా. లేని చేతికి గోర్లెక్కడియి?”

భిక్షం తల్లి వంక ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఆఖరి తలుపు కూడా మూసుకుపోయిన మనిషి చూసినట్టు చూశాడు. ఆ రోజు నుంచి మాట బందు పెట్టాడు.

నెల దాటింది. నొప్పి వచ్చినప్పుడు మూలిగేవాడు. మొండిచేతిని చంకలో నొక్కుకుని గోడకు తల ఆనించేవాడు. పిలిస్తే పలకడు. పెడితే రెండు ముద్దలు, లేకుంటే అదీ లేదు. ఒకరోజు చేదబావి దగ్గర నిలబడి లోపలికి చూస్తుండగా ఆమె కంటపడ్డాడు. ఆ సాయంత్రమే చేంతాడు విప్పి ఇంట్లో దాచింది. బావి గట్టున తుమ్మకంప వేసింది. ఎందుకేశావని అడిగితే మేకలు పడతాయని చెప్పింది. పిడుగుకూ, పాముకూ అరిచి గగ్గోలు పెట్టే మనిషి ఈ భయాన్ని మాత్రం ఎవరికీ చెప్పలేదు. పైకి అంటే మళ్లీ తగులుతుందేమోనని నోరు నొక్కుకుంది.

ఒక పొద్దున అండాలు వచ్చి అరుగు మీద కూర్చుంది. మనిషి నోరు దురుసే గానీ మనసులో కల్మషం లేదు.

“అక్కా, మా అవ్వగారి ఊర్ల ఒకనికి గిట్లనే కాలు తీసిన్రట. తీసిన కాలును వంకరగ పాతిపెట్టిన్రు. వాడు పండుకుంటె కాలు గుంజుడే గుంజుడు. తవ్వి సాపుగ పెట్టినంకనే నిమ్మళమైందట. మనోని చెయ్యి పిడికిలి ముడుసుకొని మట్టిల పడి ఉన్నదేమో చూడరాదు?”

బాలనర్సమ్మ చేతిలోని చెక్క పక్కన పెట్టింది. నిజమే కదా! చేయి తీసిన రోజున ఆమె దవాఖాన బయట స్పృహ లేకుండా పడి ఉంది. చేయి ఏం చేశారని అడగనైనా అడగలేదు. ఆ పిడికిలి ఎక్కడో చీమల మధ్య మూసుకుని పడి ఉంటే, పిలగాడికి నొప్పి ఎట్లా పోతుంది? తవ్వాలి, వేళ్లు ఒక్కొక్కటే సాపు చేయాలి, తెచ్చి తండ్రిని పూడ్చినచోట పక్కనే పెట్టాలి. గుర్వయ్య వాములోంచి తీసిన కుండల్లో చెవికి ఆనించి కొట్టి చూసి, ఖంగుమన్న దాన్ని ఒకటి ఏరింది. దానికి మూకుడు వెతికింది. బట్టలో చిన్న గునపం చుట్టుకుంది. కొడుకును గుర్వయ్యకు అప్పజెప్పి, “బాయి దిక్కు పోనియ్యకు,” అని మాత్రం చెప్పి, నల్లగొండ పోయే బండి ఎక్కింది. పానగల్లులో అక్క ఇంట్లో దిగి, తెల్లారి దవాఖానకు నడిచింది.

వరండాలో కంపౌండరు భీమయ్య సీసాలు కడుగుతున్నాడు. నెత్తి నెరిసిన మనిషి. కళ్లజోడుకు ఒక పక్క దారం కట్టి ఉంది.

“ఏమమ్మా, పెరుగు అమ్మనీకొచ్చినవా? ఈడ సగం మందికి దగ్గులే, ఎవరు కొనరు.”

“పెరుగు గాదు సారూ. ఉత్త కుండ. నా కొడుకు చెయ్యి తీస్కపోనీకొచ్చిన.”

సీసా కడగడం ఆగింది. ఆమె అంతా చెప్పింది, చీటీ సంగతి తప్ప. పిడికిలి మూసుకుని ఉందని, గోళ్లు దిగుతున్నాయంటున్నాడని చెప్పి, గునపం మూట విప్పి చూపించింది.

“జాగా చూపియ్యి చాలు. నేనే తవ్వుకుంట. మళ్ల మట్టి మంచిగ కప్పుత.”

భీమయ్య చేతులు తుడుచుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

“దేవరకొండ దిక్కు కుండల పిలగాడే గదా? యాదికున్నడు. అమ్మా, నువ్వు తవ్వినా పిడికిలి దొరకదు. మత్తుమందు ఎక్కంగనే ఆ వేళ్లు వాటంతటవే వదులైనయి. నేనే ఇప్పిన. అరచేతిల కాగితం పిండోలె ఏదో ఉండె. చెమటకు, నెత్తురుకు నాని ఒక్క అచ్చరం మిగల్లే. కడిగి, వేళ్లు సాపుగ జాపి, బట్టల చుట్టి పెట్టించిన. నా చేతులతోనే.”

బాలనర్సమ్మ కుండను ఒళ్లోకి లాక్కుంది. అంత దూరం నుంచి మోసుకొచ్చిన ఆశ అది. మట్టిలో చేయి విప్పుకునే ఉంటే, మరి గోళ్లు దిగుతున్నది ఎక్కడ?

“అయితె నా కొడుకుకు పిచ్చేనా సారూ?”

“పిచ్చి గాదు. పెద్ద యుద్ధంల బర్మా దిక్కు సిపాయీల దవాఖానల చేసిన నేను. కాళ్లు పోయినోళ్లు ఎంతమందో, లేని కాలి బొటనేలు గోకమని మా పానం తినేటోళ్లు.”

“గోకినవా?”

“గోకిన. బొటనేలు ఉండాల్సిన కాడ దుప్పటి మీద గోకిన. చూస్కుంట చూస్కుంట ఒకడు హాయిగ నిద్రపోయిండు కూడ.” నవ్వాడు. తర్వాత ఆమె ఒళ్లోని కుండను వేలితో కొట్టాడు. “నీ కొడుకు చేసిన కుండ పగిలిందనుకో. ఆ కుండ కొలత ఆనికి మర్సిపోతదా?”

“ఎట్ల మరుస్తడు? కండ్లు మూస్కొని మళ్ల చేస్తడు.”

“గట్లనే చెయ్యి పోయింది గని, చెయ్యి కొలత తలల ఉన్నది. కోసిన నరాలు ఉత్తగ ఉండవు. ఉన్న చేతి లెక్కనే తలకు ఖబురు పంపుతనే ఉంటయి. చెయ్యి ఆఖరుకు ఎట్లుండెనో, ఆ యాదే తలల నిలిచిపోయింది. నొప్పి నిజమే. ‘లేదు’ అని మాత్రం ఆనితోని అనకు.”

బాలనర్సమ్మ తల వాల్చేసింది. ఆమె అన్నది సరిగ్గా ఆ మాటే.

“మందున్నదా?”

“సీసాల పోసిచ్చే మందు లేదు. సిపాయీలకు మా డాక్టరు ఒక పని చెప్పేటోడు. పుండు మంచిగ మానిందా? ఎరుపు, చీము లేవు గదా? ఉంటె మాత్రం తోల్కరావాలె. లేకుంటె మొండిని దినాం మెల్లగ తట్టాలె. ముందుగాల వేళ్లతోని, తర్వాత బట్ట చుట్టిన చెక్కతోని. మొదలు చిరాకు పడ్తడు. పోంగ పోంగ నరం ఆ దెబ్బకు అలవాటు పడి సల్లబడ్తది. ఇంకోటి, ఉన్న చెయ్యి మెల్లగ ముడ్సి ఇప్పమను. లేని దాన్ని గూడ దాంతోపాటే ఇప్పమను.”

“ఎంత గట్టిగ తట్టాలె?”

“గదే ఎట్ల చెప్పాలె…”

“పచ్చికుండను తట్టినట్టా?”

“అదెట్లుంటదో నాకేమెరుక?”

ఆమె కుండ పక్కన పెట్టి, భీమయ్య మోచేయి పట్టుకుని, అరచేతి అంచుతో నాలుగు దెబ్బలు తట్టింది. గట్టిగా కాదు, మెత్తగా కాదు. ప్రతి దెబ్బా ముందు దెబ్బ పక్కనే పడింది.

భీమయ్య కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. “గిదే. ఇంతకు మంచిగ నాకు గూడ రాదు. ఒక్కనాడు తగ్గదమ్మా. తగ్గినట్టయి మళ్ల రావొచ్చు. ఫికరు పడకు.”

“ఫికరు పడకుండ నాకు రాదు సారూ,” అంది బాలనర్సమ్మ నిజాయితీగా. గునపం మూట కట్టుకుంది. కుండ మాత్రం ఆయనకే ఇచ్చింది. “నీళ్లు పోస్కో. సల్లగుంటయి.”

ఇల్లు చేరగానే మొహం కూడా కడుక్కోకుండా కొడుకు ముందు చతికిలబడింది.

“తప్పన్న బిడ్డా. పిడికిలి ఉన్నది. నాకు కనవడ్తలేదు, గంతే.”

ఆమె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

“నీ చేతిల కాగితం పిండయిందట. ఒక్క అచ్చరం ఎవరు సదవలే. ఇగ నువ్వు పట్టుకునే అక్కర లేదు కొడుకా.”

భిక్షం రెప్పలు ఒక్కసారి అల్లల్లాడాయి. అంతకు మించి ఏమీ లేదు. కానీ ఆమె మొండిచేతిని ఒళ్లోకి తీసుకుంటే వెనక్కి లాక్కోలేదు.

మొదటిరోజు రెండు దెబ్బలకే విదిలించుకున్నాడు. మూడోరోజు పది దాకా ఓర్చుకున్నాడు. తన తట్టుడు చెక్కకే పాత చీరముక్క చుట్టి పొద్దున, మధ్యాహ్నం, పొద్దుగూకే ముందు తట్టేది. తడుతున్నంత సేపు నోరు మాత్రం ఊరుకునేది కాదు. వాము సరిగ్గా కాలదేమో, ఈ ఏడు జొన్నకు పురుగు తగులుతుందేమో, అండాలు కోడి గద్దకు పోతుందేమో. ఆ గుబుళ్ల మీదే తాళం పడేది.

“అక్కా, నీ కొడుకును తడ్తున్నవా, కుండను తడ్తున్నవా?” అని అండాలు దెప్పింది.

“రెండు నేను చేసినయే గదనే.”

వారం పోయాక, వేళ దాటితే భిక్షమే మొండిచేతిని ఆమె వైపు జరపసాగాడు. ముద్దలు రెండు నుంచి అయిదయ్యాయి. రాత్రులు మూలుగు తగ్గింది. కానీ మాట రాలేదు. “ఎట్లున్నదిరా చెయ్యి?” అని పొద్దున్నే అడిగేది. జవాబు లేదు. ఎడమచేతిలో మట్టిముద్ద పెట్టి ముడిచి విప్పమంటే విప్పేవాడు. కుడిపక్కన మాత్రం వాడి భుజం బిగుసుకునే ఉండేది. చూడ్డానికి అక్కడ ఏమీ లేదు. ఏమీ లేనిదాన్ని విప్పమంటే మనసు ఎట్లా నమ్ముతుంది?

అప్పుడామెకు బర్మా సిపాయి బొటనవేలు గుర్తొచ్చింది. చూసుకుంటూ చూసుకుంటూ నిద్రపోయాడని కదా భీమయ్య చెప్పింది.

మర్నాడు పొద్దెక్కాక, సారె మీద కప్పిన గోనెపట్టాను బాలనర్సమ్మ లాగేసింది. మట్టిముద్ద తెచ్చి సారె నడిమధ్యలో వేసింది.

అండాలు పరుగున వచ్చింది. “అక్కా! సారె ముట్టినవ్! ఇంట్ల మొగోనికి కీడే!”

“ఇరవై రెండేండ్లు ముట్టలేదే అండాలూ. రాని కీడేమన్న ఉన్నదా?”

గుర్వయ్య గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుని, నీళ్ల ముంత తెచ్చి పక్కన పెట్టాడు.

భిక్షాన్ని సారె ముందు కూర్చోబెట్టింది. తాను వాడి కుడిపక్కన, ఒళ్లు ఒళ్లు ఆనేట్టు కూర్చుంది. మొండిచేతి మీద చీరకొంగు కప్పి, ఆ కొంగు కింది నుంచి తన కుడిచేతిని ముందుకు చాచింది. చూస్తే ఆ చేయి వాడి భుజం నుంచే వచ్చినట్టుంది. ముడతలు పడ్డ చేయి, గాజులు తీసేసిన చేయి. కానీ వేళ్లు వాడి వేళ్లలాగే పొడుగ్గా ఉంటాయి. కర్ర పెట్టి సారె తిప్పింది. అలవాటు లేక మొదటిసారి కర్ర జారింది. రెండోసారి సారె అందుకుంది.

“నీ ఎడమచెయ్యి లోపల పెట్టు. బయట నాది ఉంటది. దాని దిక్కు చూస్కుంట ఉండు. నేనెట్ల చెయ్యాల్నో నువ్వే నడిపియ్యి.”

భిక్షం ఎడమచేయి మెల్లగా మట్టిలో దిగింది. బయట ఆమె చేయి పిడికిలిగా ఆనింది. ముద్ద వంకరగా ఊగింది. భిక్షం మొండిచేయి కొంగు కింద కదిలి ఆమె ముంజేతిని నొక్కింది. ఇంకొంచెం కిందికి అన్నట్టు. ఆమె కిందికి దించింది. మళ్లీ నొక్కాడు. ఆమె పైకి లాగింది. ముద్ద నిలబడింది. లోపల వాడి వేళ్లు విచ్చుకుంటుంటే, బయట ఆమె వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. మట్టి గోడ పైకి లేచింది. మూతి ఒక పక్క వంగింది. అంగట్లో ఎవరూ కొనరు అటువంటి కుండను. వాడు మాత్రం రెప్ప వేయకుండా ఆ కుడిచేతినే చూస్తున్నాడు. వాడి భుజం బిగువు సడలుతుండడం ఆమెకు తన భుజంలో తెలుస్తోంది.

సారె నెమ్మదించింది. ఆమె చేయి తీయలేదు. వేళ్లన్నీ చాచి తడి కుండ మీద అట్లాగే ఉంచింది. ఏం తప్పు చేసిందో, సారె అలిగిందో, పిలగాడికి మళ్లీ ఏమవుతుందో. రోజూ అడిగే మాటే అడగబోయి భయపడింది. అయినా అడిగింది.

“ఎట్లున్నదిరా చెయ్యి?”

సారె ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. గుర్వయ్య గుమ్మంలోనే ఉన్నాడు. అండాలు కోడిని కూడా మరచిపోయి నిలబడింది. కుండ మూతి నుంచి బురదనీళ్లు ఒక్కో చుక్కే సారె మీదికి జారాయి. బాలనర్సమ్మ ఆ చుక్కలనే చూస్తూ కూర్చుంది.

పక్కన గొంతు పెగిలింది. ఎన్నాళ్లో వాడని గొంతు, బొంగురుగా ఉంది.

“చిటికెనేలు ఇడిసిందమ్మా.”